బండి ప్రశ్నలు: పికప్ వెనక చక్రాలకు డిస్క్ బ్రేకులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఒకే విషయం మీద ఉన్నాయి. వెనక డ్రమ్ములు తీసేసి డిస్కులు వేయించుకోవాలని చాలామంది అనుకుంటున్నారు, కొందరు వేయించుకుని ఇబ్బంది పడుతున్నారు. ఏళ్ల తరబడి బ్రేకుల పనిలోనే ఉన్నవాణ్ణి కాబట్టి ఈ సంచికలో వాటికే జవాబులు రాస్తున్నాను.

ప్రశ్న: నాది డబుల్ క్యాబ్ పికప్. ముందు డిస్కులు, వెనక డ్రమ్ములు. ఈ మధ్య పెడల్ బాగా కిందికి పోతోంది. లోడుతో కొండ దారి దిగేటప్పుడు మరీ ఎక్కువ. హ్యాండ్ బ్రేక్ లీవర్ కూడా చివరిదాకా లాగితే తప్ప పట్టడం లేదు. వెనక డిస్కులు వేయించేద్దామని ఉంది. కిట్ దొరుకుతోంది, ఒక్క రోజు పని అంటున్నారు. వేయించుకోవచ్చా సార్?

జవాబు: వేయించుకోవచ్చు. కానీ మీరు రాసిన లక్షణాలు చూశాక, కిట్ కొనే ముందు ఆ డ్రమ్ములు ఒకసారి విప్పించి చూడమంటాను. పెడల్ కిందికి పోవడం, హ్యాండ్ బ్రేక్ లీవర్ ఎక్కువ లేవడం రెండూ కలిసి వచ్చాయంటే సాధారణంగా షూలకూ (డ్రమ్ము లోపలి గోడకు ఒత్తుకునే వంపు ముక్కలు) డ్రమ్ముకూ మధ్య సందు పెరిగిందన్నమాట. షూల మీది లైనర్ అరిగేకొద్దీ ఆ సందును సరిచేయడానికి లోపల పళ్ల చక్రంతో ఒక అడ్జస్టర్ ఉంటుంది. దాని మరల్లో తుప్పు, దుమ్ము చేరితే బిగుసుకుపోతుంది. షూలు అరుగుతూనే ఉంటాయి, అడ్జస్టర్ మాత్రం ఉన్నచోటే ఉంటుంది. ఇక పెడల్ నొక్కుడులో సగం షూలను డ్రమ్ము దాకా చేర్చడానికే సరిపోతుంది.

డ్రమ్ము తీశాక ఆ పళ్ల చక్రాన్ని వేళ్లతో తిప్పి చూడండి, తిరగాలి. ఆయిల్ ప్రెషర్‌తో షూలను తోసే వీల్ సిలిండర్ చివర్లో ఉండే రబ్బరు తొడుగును కాస్త ఎత్తి చూడండి, లోపల పొడిగా ఉండాలి. తడి కనిపిస్తే సీళ్లు పోయినట్టే. లైనర్ నల్లగా, జిడ్డుగా ఉంటే వాసన చూడండి. ఘాటైన గేర్ ఆయిల్ వాసన వస్తే యాక్సిల్ సీల్ కారుతోంది. దాన్ని మార్చకుండా డిస్కులు వేస్తే అదే ఆయిల్ రేపు డిస్కు మీదికి వస్తుంది. డ్రమ్ము గరిష్ఠ వ్యాసం ఎంతో దాని మీదే అంకె ఉంటుంది, అది దాటిందేమో కొలిపించండి. లోపలి పొడిని మాత్రం ఎయిర్ కొట్టి ఊదనివ్వకండి. పాత లైనర్లలో ఆస్బెస్టాస్ ఉండే అవకాశం ఉంది. తడిపి తుడిపించడమే మంచిది. డిస్కులు కావాలని నా షెడ్డుకు వచ్చే బళ్లలో చాలావాటికి ఈ పనితోనే పెడల్ పైకి వచ్చేస్తుంది.

ఇవన్నీ సరిచేశాక కూడా కొండ దిగేటప్పుడు మాత్రమే పెడల్ పోతోందంటే అది వేడి వల్ల. డ్రమ్ము వేడెక్కితే సాగి షూలకు దూరమవుతుంది, పెడల్ ఇంకా లోతుకు నొక్కాల్సి వస్తుంది. డిస్కు వేడెక్కితే మందం పెరిగి, దాన్ని రెండు వైపులా పట్టే ప్యాడ్ల వైపే వస్తుంది, పైగా గాలికి బయటే ఉంటుంది కాబట్టి త్వరగా చల్లారుతుంది. నీళ్లలో దిగినా డ్రమ్ములా లోపల తడి పట్టి ఉంచదు, ప్యాడ్లే తుడిచేస్తాయి. అందుకే తరచూ లోడుతో కొండలు దిగేవాళ్లకు, బురదలో నీళ్లలో తిరిగేవాళ్లకు డిస్కులు వేయించుకోమనే చెబుతాను. బ్రేక్ ఆయిల్ ఎప్పుడు మార్చారో కూడా గుర్తు చేసుకోండి. డాట్ 3 ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 205 డిగ్రీల సెల్సియస్ దాకా మరగకూడదు. తేమ పీల్చుకున్నాక ఆ హద్దు 140కి పడిపోతుంది. కొండ దిగేటప్పుడు పెడల్ మెత్తబడి పోవడానికి అదొక్కటే కారణం కావచ్చు.

బండి ఇంకా తక్కువ దూరంలో ఆగుతుందన్న ఆశతో మాత్రం ఈ పని పెట్టుకోవద్దు. బ్రేక్ వేయగానే బరువంతా ముందుకు పడుతుంది. ఖాళీ పికప్‌లో వెనక చక్రాల మీద మిగిలేది చాలా తక్కువ. వాటిని లాక్ చేయడానికి, అంటే తిరగకుండా బిగబట్టడానికి, మంచి డ్రమ్ములే చాలు. ముందు చక్రాల కంటే వెనకవి ముందు లాక్ అయితే బండి వెనక భాగం పక్కకు తిరిగిపోతుంది. తడి రోడ్డు మీద అది డ్రైవర్ చేతిలో ఉండదు. కిట్ గురించి నా భయమంతా ఇదే.

ఒక లెక్క చెబుతాను, దయచేసి ఓపిగ్గా చదవండి. డ్రమ్ములో, చక్రం తిరగడమే ముందు షూను డ్రమ్ములోకి ఇంకా లాగుతుంది, తలుపు కింద పెట్టిన చెక్కముక్క తలుపును తోసేకొద్దీ బిగుసుకున్నట్టు. ఆ సాయం వల్ల మామూలు రకం డ్రమ్ము, సిలిండర్ తోసే బలానికి సుమారు రెండు రెట్ల రాపిడి ఇస్తుంది. డిస్కుకు ఆ సాయం లేదు. ప్యాడ్ రాపిడి గుణకం 0.35 అనుకుంటే రెండు వైపులా కలిపి 0.7 రెట్లే వస్తుంది. ఇప్పుడు మీ వీల్ సిలిండర్ 20 మి.మీ. అనుకుందాం. దాని వైశాల్యం 314 చదరపు మి.మీ. అదే బలం డిస్కుతో రావాలంటే సుమారు 900 చదరపు మి.మీ. పిస్టన్ కావాలి, అంటే దాదాపు 34 మి.మీ. వ్యాసం. ఇక్కడ డ్రమ్ము, డిస్కు సైజులు ఇంచుమించు ఒకటే అనుకున్నాను. కిట్‌లో ఏదో బండి ముందు చక్రాలకు వాడే 48 మి.మీ. పిస్టన్ ఉన్న క్యాలిపర్ (ప్యాడ్లను డిస్కుకు నొక్కే భాగం) వచ్చిందనుకోండి, అదే ప్రెషర్‌కి వెనక బ్రేక్ బలం రెట్టింపవుతుంది. వేయించిన రోజు 'బ్రేక్ అదిరింది' అనిపిస్తుంది. వాన పడిన రోజు తెలుస్తుంది. అందుకే అమ్మేవాళ్లను మొదట అడగాల్సింది వెనక పిస్టన్ వ్యాసం ఎంత అని. చెప్పలేకపోతే ఆ కిట్ కొనకండి.

మీ బండి కింద వెనక యాక్సిల్‌కు సన్నటి కడ్డీతో కలిపిన వాల్వ్ ఒకటి ఉందేమో చూడండి. అది లోడ్ సెన్సింగ్ వాల్వ్. లోడు పడి బాడీ కిందికి దిగితే వెనకకు ప్రెషర్ ఎక్కువ పంపుతుంది, ఖాళీగా ఉంటే తగ్గిస్తుంది. పైపు కలపడం తేలికని కొందరు దాన్ని తీసేస్తారు. ఒప్పుకోకండి. పికప్‌కు అది ప్రాణం లాంటిది.

ఒక్క రోజు పని అవునా కాదా అన్నది యాక్సిల్ రకాన్ని బట్టి ఉంటుంది. డ్రమ్ము వెనక ఉన్న బ్యాక్ ప్లేట్ తీసి అక్కడ క్యాలిపర్ బ్రాకెట్ పెట్టాలంటే చాలా బళ్లలో యాక్సిల్ షాఫ్టే బయటికి లాగాలి. కొన్నింట్లో డిఫరెన్షియల్ కవర్ విప్పి లోపల షాఫ్టును పట్టి ఉంచే సీ-క్లిప్పులు తీయాలి. కొన్నింట్లో బేరింగ్ షాఫ్టు మీద ప్రెస్ చేసి ఉంటుంది. ఎలాగూ విప్పుతున్నారు కాబట్టి సీళ్లు కొత్తవి వేయించండి. డ్రమ్ములు పాత పద్ధతి అని చిన్నచూపు కూడా అక్కర్లేదు. నాలుగు చక్రాలకూ డిస్కులతో వచ్చిన షెవ్రొలే సిల్వరాడో 1500లోనే 2005 మోడల్‌కు వచ్చేసరికి కొన్నింటికి వెనక మళ్లీ డ్రమ్ములు పెట్టారు.

ప్రశ్న: వెనక డిస్కులు వేయించి కొద్ది రోజులైంది. బ్రేక్ లైన్‌లో ఎన్నిసార్లు ఎయిర్ తీయించినా పెడల్ మెత్తగానే ఉంది. మలుపులు ఎక్కువున్న రోడ్డు మీద మొదటిసారి నొక్కితే లోతుకు పోతుంది, వెంటనే ఇంకోసారి నొక్కితే బాగుంటుంది. పెడల్ నొక్కితే ఆయిల్‌ను తోసే మాస్టర్ సిలిండర్ పెద్దది వేయమంటున్నారు. నిజంగా టెన్షన్‌గా ఉంది.

జవాబు: మాస్టర్ సిలిండర్ జోలికి ఇప్పుడే వెళ్లకండి. మీరు చెప్పినవి రెండు వేరు వేరు సమస్యలు.

మొదటిది మెత్తదనం. చక్రం విప్పి, క్యాలిపర్ మీద ఎయిర్ తీసే నిపుల్ ఎక్కడుందో చూడండి. అది పిస్టన్ గదికి అన్నిటికంటే పైన ఉండాలి. కుడి క్యాలిపర్ ఎడమకూ, ఎడమది కుడికీ బిగిస్తే నిపుల్ కిందికి వచ్చేస్తుంది. గాలి పైన ఉండిపోతుంది, కింద నుంచి ఎంత ఆయిల్ తీసినా అది బయటికి రాదు. బోల్టు రంధ్రాలు రెండు వైపులా సరిపోతాయి కాబట్టి బిగించేవాళ్లకు అనుమానం రాదు. అటూ ఇటూ మార్చి బిగించి, అప్పుడు ఎయిర్ తీయించండి.

రెండోది మలుపుల తర్వాత పెడల్ పోవడం. ఇది యాక్సిల్ ఆట. సీ-క్లిప్ రకం యాక్సిల్ షాఫ్టు కొంచెం లోపలికీ బయటికీ కదులుతుంది. డ్రమ్ముతో ఉన్నప్పుడు అది తెలియదు. డిస్కు మాత్రం ఆ కదలికతో ప్యాడ్‌ను, ప్యాడ్ పిస్టన్‌ను వెనక్కి నెట్టేస్తాయి. ఆ వెనక్కి పోయిన దూరం తిరిగి రావడానికి మొదటి నొక్కుడు ఖర్చవుతుంది. బండిని జాకీతో ఎత్తి, స్టాండ్ల మీద పెట్టి, డిస్కును రెండు చేతులతో పట్టుకుని లోపలికీ బయటికీ లాగండి. కదలిక చేతికి తెలుస్తుంది. తయారీదారు చెప్పిన హద్దు దాటితే సరిచేయించాలి. హద్దులోనే ఉంటే, క్యాలిపర్ జారే పిన్నులు శుభ్రం చేసి బ్రేకులకు వాడే గ్రీజు పెట్టించండి. క్యాలిపర్ సులువుగా జరిగితే చాలావరకు ఆ ఆటను తనే సర్దుకుంటుంది.

ఇవి రెండూ బాగున్నాక కూడా పెడల్ లోతుగానే ఉంటే, అప్పుడు మాస్టర్ సిలిండర్. 22 మి.మీ. నుంచి 25కి వెళ్తే ప్రతి నొక్కుడుకూ ఆయిల్ 29 శాతం ఎక్కువ వెళ్తుంది, పెడల్ గట్టిపడుతుంది. కానీ అదే కాలి బలానికి ప్రెషర్ సుమారు 23 శాతం తగ్గుతుంది. ముందు బ్రేకులకు కూడా తగ్గుతుంది. ఇంకో సంగతి. కొన్ని పాత బళ్లలో వెనక డ్రమ్ముల లైన్‌లో 10 పీఎస్‌ఐ దాకా ప్రెషర్ నిలిపి ఉంచే చిన్న వాల్వ్ ఉంటుంది. డిస్కులు వేశాక అది ఉండకూడదు. ఉంటే ప్యాడ్లు ఎప్పుడూ రాసుకుంటూనే ఉంటాయి. కాసేపు బ్రేక్ వాడకుండా నడిపి ఆగాక వెనక చక్రాల దగ్గర చెయ్యి పెడితే సెగ కొడుతుంటే దాన్ని అనుమానించండి.

ప్రశ్న: మా అన్నయ్య తన పికప్‌కు వెనక డిస్కులు వేయిస్తున్నాడు. ఆ కిట్‌లో హ్యాండ్ బ్రేక్ లేదట. గేర్‌లో వేసి ఆపితే చాలు, కావాలంటే బ్రేక్ లైన్‌కు లాక్ వాల్వ్ పెట్టుకుంటా అంటున్నాడు. ఆ బండిలో మా పిల్లలు కూడా వెళ్తారు. చాలదని చెప్పమంటారా?

జవాబు: చాలదమ్మా, గట్టిగా చెప్పండి. కావాలంటే ఈ పేజీ చూపించండి. లాక్ వాల్వ్ పైపులో ప్రెషర్‌ను బంధించి ఉంచుతుంది. బండి ఆగాక వేడి ఆయిల్ చల్లారుతూ కుంచించుకుపోతుంది, ప్రెషర్ దిగిపోతుంది. ఏ సీల్ దగ్గరో చిన్న ఊట ఉన్నా అంతే. ఆపిన వెంటనే కదలని బండి, మనుషులు పక్కకు వెళ్లాక కదులుతుంది. హ్యాండ్ బ్రేక్ కేబుల్‌తో పనిచేయాలని పట్టుబట్టేది ఇందుకే. బ్రేక్ పైపు పగిలి ఆయిల్ మొత్తం పోయినా బండిని ఆపడానికి మిగిలే సాధనం అదొక్కటే.

రెండు మంచి పద్ధతులున్నాయి. డిస్కు మధ్య టోపీలాంటి భాగంలో చిన్న డ్రమ్ము, చిన్న షూలు ఉండే రకం ఒకటి. పికప్ బరువుకు నేను దీన్నే ఇష్టపడతాను. రెండోది, క్యాలిపర్‌లోనే లీవర్, లోపల మర ఉండే రకం. దీనికి ప్యాడ్లు మార్చేటప్పుడు చాలా రకాల్లో పిస్టన్‌ను తిప్పుతూ లోపలికి పంపాలి. సీ-క్లాంపు పెట్టి నొక్కితే లోపలి మర పాడవుతుంది. ఏ రకమైనా పాత కేబుల్ పొడవు, లీవర్ లాగే దూరం సరిపోయాయో లేదో చూసుకోవాలి. పూర్తి లోడుతో వాలు మీద, ముందుకు ఒకసారి, వెనక్కి ఒకసారి నిలిపి చూడమనండి. రెండు వైపులా కదలకుండా ఉంటేనే పని అయినట్టు.

ప్రశ్న: నా బండికి ఏబీఎస్ (చక్రాలు లాక్ కాకుండా చూసేది), ఈబీడీ (ముందూ వెనకా బ్రేక్ బలాన్ని పంచేది) ఉన్నాయి. వెనక డిస్కులు వేస్తే వాటంతట అవే సర్దుకుంటాయా?

జవాబు: సర్దుకుంటాయని నమ్మి వేయించొద్దు. ముందూ వెనకా ఎంత ప్రెషర్ పోవాలో వాటిని నడిపే కంప్యూటర్ మాడ్యూల్‌లో రాసి పెట్టింది మీ డ్రమ్ములను దృష్టిలో పెట్టుకుని. మీ మోడల్‌లోనే వెనక డిస్కులతో వచ్చిన రకం ఉంటే, ఆ బండి భాగాలు, దానికి సరిపడే మాడ్యూల్ కలిపి వేయించుకోవడం ఒక దారి. అది కుదరకపోతే డ్రమ్ములనే మంచి స్థితిలో ఉంచుకోండి. వీల్ స్పీడ్ సెన్సర్ తీసేసి, లైటు వెలగకుండా చేసి ఇస్తామనేవాళ్ల దగ్గరికి మాత్రం వెళ్లకండి.

ప్రశ్న: 15 అంగుళాల చక్రాలున్నాయి. క్యాలిపర్ తగులుతుందా? బిగించాక ఏం చూసుకోవాలి?

జవాబు: తగిలే అవకాశం ఎక్కువ. కొనే ముందే చక్రం మధ్య నుంచి క్యాలిపర్ బయటి అంచు దాకా కొలత అడిగి, ఉత్త రిమ్ పెట్టి తిప్పి చూడండి. డిస్కు టోపీ భాగం డ్రమ్ము కంటే మందంగా ఉంటే చక్రం కొంచెం బయటికి వస్తుంది. వీల్ నట్లకు మునుపటంత మర దొరుకుతోందా అని లెక్కపెట్టండి.

బిగించాక యాక్సిల్‌ను పూర్తిగా కిందికి వేలాడనిచ్చి, రబ్బరు హోస్ సాగి బిగుసుకోకుండా ఉందని, ఎక్కడా రాసుకోవడం లేదని చూడండి. క్యాలిపర్ దగ్గరి రాగి వాషర్లు కొత్తవే వాడాలి. ఇంజిన్ స్టార్ట్ చేసి పెడల్‌ను గట్టిగా తొక్కి పట్టుకుని, ఇంకొకరిని కింద ప్రతి జాయింటూ చూడమనండి. తర్వాత ఖాళీ రోడ్డు మీద 50 కి.మీ. వేగం నుంచి మెల్లగా తగ్గిస్తూ, పూర్తిగా ఆపకుండా, మధ్యలో చల్లారనిస్తూ కొత్త ప్యాడ్లను డిస్కుకు సర్దుకోనివ్వండి.

మీ బండికి లోడ్ సెన్సింగ్ వాల్వ్ లేకపోతే వెనక లైన్‌లో చేత్తో తిప్పి సరిచేసే ప్రపోర్షనింగ్ వాల్వ్ పెట్టించాలి. అది ప్రెషర్‌ను తగ్గించగలదు కానీ పెంచలేదు. వెనకకు అతి తక్కువ ప్రెషర్ వెళ్లేలా పెట్టి మొదలుపెట్టండి. బండి ఖాళీగా, చుట్టూ ఎవరూ లేని సమతలం మీద, తక్కువ వేగంలో గట్టిగా బ్రేక్ వేయండి. పక్కన నిలబడినవాళ్లు ఏ చక్రాలు ముందు లాక్ అవుతున్నాయో చూస్తారు. కొంచెం కొంచెం పెంచుతూ, ముందు చక్రాలే ఎప్పుడూ ముందుగా లాక్ అయ్యే స్థానం దగ్గర ఆపండి. తడి నేల మీద కూడా ఒకసారి చూసి, వెనకవి ముందు లాక్ అయితే ఇంకాస్త తగ్గించండి. ఆ స్థానం దగ్గర రంగుతో గీత పెట్టి లాక్ నట్ బిగించండి.