ఓమ్నిలో కంప్రెషన్ తగ్గిందంటున్నారు. ఇంజిన్ దించే ముందు ఏం చూడాలి?

మీరు చెప్పినది ఇదీ: పాత మారుతి ఓమ్ని, ఎల్‌పీజీ కిట్ ఉంది. పొద్దున్న స్టార్ట్ చేస్తే ఒక సిలిండర్ మిస్ అవుతోంది, ఎత్తు ఎక్కేటప్పుడు లాగట్లేదు, ప్లగ్గులు మార్చినా తేడా లేదు. మెకానిక్ గేజ్ పెట్టి ఒక సిలిండర్‌లో కంప్రెషన్ (పిస్టన్ నొక్కినప్పుడు లోపల వచ్చే ఒత్తిడి) 90 పీఎస్ఐ వచ్చిందని, బోర్ (పిస్టన్ ఆడే సిలిండర్ లోపలి గోడ) పోయింది, ఇంజిన్ దించాలని అంటున్నాడు.

ఇప్పుడే ఒప్పుకోకండి. బోర్, రింగులు (పిస్టన్ చుట్టూ ఉండి ఒత్తిడి కారకుండా ఆపేవి) అరిగితే మూడు సిలిండర్లూ ఇంచుమించు ఒకే తీరున అరుగుతాయి. ఒక్కటే పడిపోయిందంటే, అదీ గ్యాస్ మీద తిరిగిన బండిలో, నా మొదటి అనుమానం ఎగ్జాస్ట్ వాల్వ్ (కాలిన పొగ బయటికి పోయే దారి మూసేది) మీదే. రింగు విరగడం, వేడెక్కి పిస్టన్ పట్టేయడం లాంటివీ ఉంటాయి గానీ అవి తక్కువ.

ముందు టెస్ట్ సరిగ్గా చేయించండి. ఇంజిన్ వేడిగా ఉండాలి, బ్యాటరీ ఫుల్ ఛార్జ్‌లో ఉండాలి. సీటు ఎత్తి, ప్లగ్గుల చుట్టూ ఉన్న దుమ్ము గాలితో ఊదేశాకే ప్లగ్గులు విప్పాలి, లేకపోతే ఆ ఇసుకంతా సిలిండర్‌లోకే పోతుంది. మూడు ప్లగ్గులూ తీసేయాలి. ఒక్కటే తీసి కొలిస్తే సెల్ఫ్ బరువుగా తిరిగి రీడింగ్ తక్కువ చూపిస్తుంది. కాయిల్ వైరు పీకేయాలి, ఎంపీఎఫ్ఐ (కార్బ్యురేటర్ బదులు ఇంజెక్టర్లున్న బండి) అయితే ఇంజెక్టర్ల కనెక్టర్లు కూడా. గ్యాస్ వాల్వ్ కట్టేయాలి. చోక్ పూర్తిగా లోపలికి నెట్టి, ఒకరు యాక్సిలరేటర్ అడుగు దాకా తొక్కి పట్టుకోవాలి. చాలామంది మరిచిపోయేది ఇదే. థ్రాటిల్ మూసి ఉంటే సిలిండర్‌కు గాలే అందదు, మంచి ఇంజిన్ కూడా చెడ్డదిలా కనిపిస్తుంది. గేజ్ రబ్బరు మూతిది కాకుండా మర బిగించేది వాడండి.

ఒక్కో సిలిండర్‌కు సెల్ఫ్ 5 సెకన్లు కొట్టండి. చివరి అంకె ఒక్కటే కాదు, ముల్లు ఎలా ఎక్కిందో కూడా చూడండి. మొదటి దెబ్బకు తక్కువ చూపించి తర్వాత మెల్లగా పైకి పాకితే రింగులు. తక్కువలో మొదలై అక్కడే నిలబడిపోతే వాల్వ్. ఈ 796 సీసీ ఇంజిన్ బాగుంటే 150 పీఎస్ఐ పైన రావాలి. అయితే అంకె కన్నా సిలిండర్ల మధ్య తేడా ముఖ్యం: 165, 160, 90 అంటే మూడోదానిలోనే గొడవ. మూడూ 130 అయితే అది మామూలు అరుగుదల, బండి ఇంకా కొంతకాలం నడుస్తుంది.

తక్కువ వచ్చిన సిలిండర్‌లో ఒక టీస్పూన్, అంటే 5 మి.లీ. ఇంజిన్ ఆయిల్ పోసి, రెండు చుట్లు తిప్పి మళ్ళీ కొలవండి. ఎక్కువ పోయకండి, ఆయిలే చోటు ఆక్రమించి అంకెను పెంచేస్తుంది. రీడింగ్ బాగా పెరిగితే రింగులు, బోర్. కదలకపోతే వాల్వ్ లేదా హెడ్ గ్యాస్కెట్ (సిలిండర్లకు, వాటి మీదుండే హెడ్‌కు మధ్య సీల్). పక్కపక్క సిలిండర్లు రెండూ పడిపోతే వాటి మధ్య హెడ్ గ్యాస్కెట్ కాలి ఉంటుంది. మూడూ సమానంగా తక్కువై ఆయిల్‌కు కూడా లేవకపోతే టైమింగ్ బెల్ట్ పన్ను జారిందేమో మార్కులు చూడండి.

వాల్వ్ అని తేలినా వెంటనే హెడ్ విప్పకండి. ముందు ట్యాపెట్ సెట్టింగ్, అంటే వాల్వ్‌కు, దాన్ని నొక్కే రాకర్‌కు మధ్య గ్యాప్ సరిచేయడం. ఎల్‌పీజీలో వాల్వ్ సీటు (వాల్వ్ మూసుకున్నప్పుడు ఆనే అంచు) అరిగి వాల్వ్ పైకి లోతుగా కూర్చుంటుంది, దాంతో ట్యాపెట్ గ్యాప్ తగ్గిపోతుంది. గ్యాప్ సున్నా అయితే వాల్వ్ పూర్తిగా మూసుకోదు, కంప్రెషన్ కారిపోతుంది. కొన్నాళ్ళు అలాగే నడిపితే అంచు కాలిపోతుంది. ఫీలర్ గేజ్ (గ్యాప్ కొలిచే పలచటి రేకు) దూరకపోతే దొంగ దొరికినట్టే. చల్లటి ఇంజిన్‌కు, వేడి ఇంజిన్‌కు గ్యాప్ కొలతలు వేరు, మాన్యువల్ చూసి ఏదో ఒక పద్ధతిలోనే అన్నీ పెట్టాలి. సెట్ చేసి మళ్ళీ కొలవండి. అంకె లేస్తే మీ ఖర్చు రాకర్ కవర్ గ్యాస్కెట్ వరకే.

లేవకపోతే ఆ సిలిండర్‌ను కంప్రెషన్ టీడీసీకి, అంటే రెండు వాల్వులూ మూసుకుని పిస్టన్ పూర్తిగా పైకొచ్చే చోటికి తెచ్చి (రెండు రాకర్లూ వదులుగా ఆడాలి), నాలుగో గేరు వేసి, హ్యాండ్‌బ్రేక్ లాగి, పుల్లీ మీద పానా ఉంటే తీసేసి ప్లగ్ రంధ్రంలోంచి కంప్రెసర్ గాలి పట్టించండి. సైలెన్సర్‌లో బుస్సుమంటే ఎగ్జాస్ట్ వాల్వ్, కార్బ్యురేటర్ నోట్లో అయితే ఇన్‌లెట్. రేడియేటర్‌లో బుడగలొస్తే గ్యాస్కెట్ లేదా హెడ్ పగులు. ఆయిల్ మూత దగ్గర కాస్త శబ్దం ఎప్పుడూ ఉంటుంది, గాలి జోరుగా తన్నితేనే రింగులు.

హెడ్ దించాల్సి వస్తే లేత్ షాపులో ముందు వాల్వ్ గైడ్లు (వాల్వ్ కాడ ఆడే గొట్టాలు) చూడమనండి, సీటు కటింగ్ తర్వాత. గైడ్ వదులుగా ఉంచి సీటు కోస్తే వాల్వ్ పక్కకు కూర్చుని మళ్ళీ అదే కథ. గ్రైండింగ్ అయ్యాక పోర్టులో పెట్రోల్ పోయించి చూడండి, సీటు అంచున తడి కనిపించకూడదు. హెడ్ తీసినప్పుడే బోర్ గేజ్‌తో కొలిపించండి, స్టాండర్డ్ బోర్ 68.5 మి.మీ. కొలత చూపించకుండా బోరింగ్ అంటే ఒప్పుకోవద్దు.