సోడాకు కరగని నలుపు

ప్రశ్న: మా పొలం మట్టిని కాస్టిక్ సోడా నీళ్లలో నాలుగుసార్లు కలిపి వడకట్టాను. డికాక్షన్ రంగు నీరు దిగింది, కానీ అడుగు మట్టి ఇంకా ముదురుగానే ఉంది. అందులో ఏం మిగిలినట్టు?
– బీఎస్సీ విద్యార్థి, దేవరకొండ

జవాబు: నీటిలోకి దిగినవి హ్యూమిక్, ఫల్విక్ ఆమ్లాలు, అంటే కుళ్లిన సేంద్రియ పదార్థంలో సోడాకు కరిగే భాగాలు. మిగిలిన మట్టిలో ఖనిజాలతోపాటు ఉన్న సేంద్రియ పదార్థం హ్యూమిన్. అది ఒకే అణువు కాదు. ఆకుల మీది మైనం, వేరు బెరడులోని కొవ్వు గొలుసులు, సూక్ష్మజీవుల అవశేషాలు, కట్టెకు గట్టితనమిచ్చే లిగ్నిన్ తునకలు బంకమట్టికీ ఐరన్ ఆక్సైడ్లకూ గట్టిగా అతుక్కుని ఉంటాయి. పొడవాటి కార్బన్ గొలుసులు నీటిని దగ్గరికి రానివ్వవు. పత్తి కట్టె కాల్చిన చేనైతే బొగ్గు పొడి కూడా ఇందులోనే చేరుతుంది.

అయితే మీరు ముందు ఆమ్లంతో కడిగారా? ఇదే అసలు కీలకం. సున్నపు గరుసు ఉన్న నేలల్లో కాల్షియం పట్టుకున్న హ్యూమిక్ ఆమ్లం సోడాకు కరగదు, పొరపాటున హ్యూమిన్ లెక్కలో పడుతుంది. 0.1 మోలార్ హైడ్రోక్లోరిక్ ఆమ్లంతో పొంగు ఆగేదాకా కడిగి, నీళ్లతో తొలిపి, అప్పుడు 10 గ్రాముల మట్టికి 100 మి.లీ. 0.1 మోలార్ సోడా పోయండి. అంటే లీటరుకు 4 గ్రాములు. సీసాను నిండుగా నింపి మూత బిగించండి. సోడాలో గాలి తగిలితే సేంద్రియ పదార్థం ఆక్సీకరణ చెంది మారిపోతుంది. నీరు లేత రంగుకు వచ్చేదాకా మళ్లీ మళ్లీ తీయండి.