59 రకాలూ చూస్తానన్న బుజ్జమ్మకు

చి. బుజ్జమ్మకు పెద్దమ్మ ఆశీస్సులు.

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది. ఇండియాలో అర్ధరాత్రి దాటింది కాబట్టి ఏదో పెద్ద విషయమే అనుకుని గుండె దడదడలాడింది. తీరా చూస్తే నీ సంగతి. "అక్కా, అది ఈ వేసవంతా సీతాకోకచిలుకల వెంట తిరుగుతుందట. బ్రిటన్‌లో 59 రకాలున్నాయట, ఒక్కటీ వదలకుండా చూస్తానంటోంది. నువ్వైనా గడ్డి పెట్టవే" అని ఒకటే గోల. సరే పెడతాలే అన్నాను. ఫోన్ పెట్టేసి చాలాసేపు నాలో నేనే నవ్వుకున్నాను. మన ఇంట్లో ఈ పిచ్చి నాతోనే సరి అనుకున్నానే! తర్వాత పడుకుంటే నిద్ర పట్టలేదు. లేచి లైటేసుకుని ఇది మొదలుపెట్టాను.

మామూలు సంగతులు ముందు చెప్పేస్తాను. టోపీ, నీళ్లు, పాత బూట్లు. ఎండ కాసేటప్పుడు, పదకొండుకీ మూడున్నరకీ మధ్య వెళ్లు. నీ నీడ దాని మీద పడనివ్వకు. ఇవన్నీ నీ ఫోనే నీకు చెబుతుంది.

ఫోన్ చెప్పనిది ఆవుల సంగతి. నవ్వకు. మనం రెండో తరగతిలో "ఆవు సాధుజంతువు" అని వ్యాసం రాసి మార్కులు తెచ్చుకున్నవాళ్లం. ఇక్కడి ఆవులు ఆ వ్యాసం చదవలేదు. ఈ దేశంలో కాలిబాటలు పచ్చిక బీళ్ల మధ్యనుంచే పోతాయి, గేటు తీసుకుని మందలోంచి నడవాల్సి వస్తుంది. దూడకీ తల్లికీ మధ్యకి మాత్రం ఎప్పుడూ వెళ్లకు. బాట వాటి మధ్యలోంచే ఉంటే బాట వదిలేసి కంచె పక్కగా చుట్టు తిరిగి పో. ఇంటి ఓనరు కుక్కని వెంట తీసుకెళ్తానని అన్నావట. ఆవులు మీదికొస్తే గొలుసు వదిలెయ్. కుక్క పరిగెత్తి తప్పించుకుంటుంది, నువ్వు తప్పించుకోలేవు. 1988లో ఒక పది పడ్డలు నన్ను బీడు ఆ చివర నుంచి ఈ చివరికి తరిమాయి. చీరతో గేటెక్కాను. కొంగు ముళ్లతీగకి పట్టుకుంది. మీ పెదనాన్న అవతల నిలబడి నవ్వడమే తప్ప చెయ్యి అందించలేదు. పైగా ఇంటికొచ్చి "పాపం, అవి నిన్ను చూసి మన దేశం గడ్డివామనుకున్నాయేమో" అన్నారు.

రెండో భయం పిడుదులు. గడ్డిలో, ఫెర్న్ పొదల్లో ఉంటాయి, నువ్వుగింజంత కూడా ఉండవు. ప్యాంటు అంచుల్ని సాక్సులోకి దోపుకో, చూసేవాళ్లు ఏమనుకున్నా సరే. ఇంటికి రాగానే మోకాళ్ల వెనక, నడుం దగ్గర, తలకట్టులో వెతుక్కో. కనిపిస్తే నలపకు. సన్న చిమటాతో చర్మానికి ఆనించి పట్టుకుని నిదానంగా పైకి లాగు. తర్వాత కొన్ని రోజులకో వారాలకో అక్కడ ఎర్రగా చక్రంలా పాకుతూ వస్తే అదే రోజు డాక్టరుకి ఫోన్ చెయ్యి. లైమ్ జబ్బు మొదట్లో మందుకి లొంగుతుంది. ముప్పై ఏళ్లు ల్యాబ్‌లో రక్తం సీసాలు చూసినదాన్ని, ఈ ఒక్క విషయంలో నా మాట విను తల్లీ.

ఇక నీ జాబితా సంగతి. మీ అమ్మ నాకు ఫోటో తీసి పంపింది. స్వాలోటెయిల్ కోసం నార్‌ఫోక్ బ్రాడ్స్, గ్లాన్‌విల్ ఫ్రిటిలరీ కోసం ఐల్ ఆఫ్ వైట్, లార్జ్ బ్లూ కోసం సోమర్‌సెట్‌లో కొలార్డ్ హిల్, చెకర్డ్ స్కిప్పర్ కోసం స్కాట్లాండ్‌లో ఫోర్ట్ విలియం వైపు. రైలు ఖర్చులు కూడా పక్కనే రాసుకున్నావు. చూసి ముచ్చటేసింది. బెంగా వేసింది. గిల్డ్‌ఫర్డ్‌లో ఉంటూ, నీ అద్దె ఇంటి పెరట్లో ఏం తిరుగుతున్నాయో ఆ కాగితంలో ఒక్క ముక్క లేదేమే?

ఈ మే నెలంతా ఎక్కడికీ పోకు. పెరట్లో కుర్చీ వేసుకుని కూర్చో. ఆ మూల నెటిల్ మొక్కలు, అవే, దూలగొండిలా తాకితే దద్దుర్లు లేచేవి, పీకొద్దని ఓనరుకి చెప్పు. పీకాక్, స్మాల్ టార్టాయిస్‌షెల్ పిల్లలు వాటి మీదే పెరుగుతాయి. కారం లేని కూరలా ఉందనుకుంటున్నావా? తణుకులో మా పెరట్లో కరివేపాకు చెట్టు మీద పక్షి రెట్టలా ఉండే పురుగుల్ని మా అమ్మ చీపురుపుల్లతో దులిపి పారేసేది. అవి రేపటి సీతాకోకచిలుకలని నాకు తెలిసింది ఈ దేశం వచ్చాక, నలభై దగ్గరపడ్డాక. వెయ్యికి పైగా రకాలున్న దేశంలో పుట్టి, అరవై కూడా లేని దేశంలో కళ్లు తెరిచాను.

పేర్లు నోటికి రాకపోతే కంగారుపడకు. మీ పెదనాన్నకి చివరిదాకా ఒక్క ఇంగ్లీషు పేరూ గుర్తుండలేదు. మార్బుల్డ్ వైట్ ఆయనకి "గళ్ల లుంగీ". రెక్కల అంచులు చిరిగినట్టుండే కామా "చిరుగు చొక్కా". వసంతం మొదట్లోనే వచ్చే పసుపుపచ్చ బ్రిమ్‌స్టోన్ "వెన్నపూస". అలాగే పిలువు, తప్పులేదు. పేరు ఏది పెట్టుకున్నా తేడా మాత్రం తెలియాలి. జూలైలో మెడో బ్రౌన్, గేట్‌కీపర్ రెండూ ఒకే పొద మీద ఉంటాయి, రెండూ గోధుమ నారింజ కలిసిన రంగే. ముందు రెక్క కొసన నల్ల కన్ను చూడు. ఆ నలుపులో తెల్ల చుక్క ఒకటుంటే సాధారణంగా మెడో బ్రౌన్, రెండుంటే గేట్‌కీపర్. ఆ రెండు చుక్కల కోసం నేను ముళ్లపొద ముందు మోకాళ్ల మీద ఎన్ని గంటలు కూర్చున్నానో. జూలై, ఆగస్టుల్లో దేశమంతా చేసే బిగ్ బటర్‌ఫ్లై కౌంట్ ఉంది, పావుగంట ఒకచోట కూర్చుని లెక్కపెట్టడం. దానికి ఈ చూపు చాలు.

అసలు నిన్ను తిట్టాలనుకున్నది ఇక్కడ. నీ కాగితం చివర "59/59" అని ముందే రాసి, చుట్టూ గుండ్రంగా గీసుకున్నావు. అది చూడగానే నా కడుపులో ఏదో తిప్పింది. ఎందుకో చెబుతాను. ఈ సంగతి మీ పెదనాన్నకి కూడా తెలియదు.

1997. లూటన్ అవతల ఒక సుద్దకొండ మీద నేను ట్రాన్సెక్ట్ నడిచేదాన్ని, అంటే ఒకే దారిలో నడుస్తూ సీతాకోకచిలుకల్ని లెక్కపెట్టడం. ఈ పద్ధతిలో దేశమంతా లెక్కలు పెట్టడం 1976లో మొదలైంది. ఏప్రిల్ 1 నుంచి సెప్టెంబరు చివరిదాకా 26 వారాలు, వారానికోసారి అదే దారి, అదే నడక. ఇటు రెండున్నర మీటర్లు, అటు రెండున్నర మీటర్లు, ముందు ఐదు మీటర్లు. గాలిలో ఒక పెట్టె ఉందనుకుని దాంట్లోకి వచ్చినవాటినే లెక్కెయ్యాలి. 13 డిగ్రీలకి తక్కువైతే నడవకూడదు. 17 దాటితే మబ్బున్నా ఫర్వాలేదు. ఆ ఏడాది నేను ఒక్క వారం కూడా తప్పలేదు. దాని గురించి ల్యాబ్‌లో గొప్పలు కూడా చెప్పుకున్నాను.

ఆగస్టులో మీ పెదనాన్న అన్నగారి కుటుంబం కాకినాడ నుంచి దిగింది. ఆరుగురు. పొద్దున ఇడ్లీలు, మధ్యాహ్నం లండన్, రాత్రి మళ్లీ వంట. సోమవారం ఎండ, వెళ్లలేకపోయాను. గురువారం ఎండ, వెళ్లలేకపోయాను. శని, ఆదివారాలు వాన. ఆదివారం రాత్రి గిన్నెలన్నీ తోమి, ఖాళీ ఫారం బల్ల మీద పెట్టుకుని కూర్చున్నాను. వారం తప్పితే తప్పు కాదు, ఖాళీగా వదిలెయ్యమని నియమాల్లోనే ఉంది. కానీ ఆ ఖాళీ నన్ను వెక్కిరించినట్టనిపించింది. ముందటి వారం ఫారం తీసి పక్కన పెట్టుకున్నాను. చాక్‌హిల్ బ్లూ 72 ఉంటే 61 వేశాను. మెడో బ్రౌన్ 40కి 34. స్మాల్ హీత్ 7 ఉంటే 8, ఎందుకంటే అన్నీ ఒకే వైపు తగ్గితే ఎవరికైనా అనుమానం వస్తుంది. చూశావా, అంకెలు నిజంలా ఎలా కనబడతాయో నాకు బాగా తెలుసు, రోజంతా చేసే పని అదే కదా. ల్యాబ్‌లో ఇంకొకరెవరైనా ఈ పని చేసుంటే మర్నాడే పంపించెయ్యమని నేనే చెప్పేదాన్ని.

తర్వాతి వారం కొండెక్కాను. నడిచే దారిని భాగాలుగా చేసుకుంటాం. ఐదో భాగం నుంచి కొండ గీసిన గుండులా ఉంది. శరదృతువులో కొండ మీదికి మేతకి తోలాల్సిన గొర్రెల్ని ముందే తోలేశారు. థైమ్ లేదు, నాప్‌వీడ్ లేదు, పూలన్నవే లేవు. చాక్‌హిల్ బ్లూలు మొత్తం నడకకి 4. గొర్రెలు ఎప్పుడొచ్చాయని కాపరిని అడిగాను. పది రోజులైందన్నాడు. అంటే నేను 61 వేసిన వారంలో అవి అక్కడే మేస్తున్నాయి.

మా జిల్లా కాగితాలు చూసే ముసలాయన నుంచి కార్డొచ్చింది. ముత్యాల్లాంటి అక్షరాలు. గొర్రెలు దిగిన వారంలో కూడా మీ చాక్‌హిల్ బ్లూలు తగ్గలేదు, మేత ఎప్పుడు మొదలుపెట్టాలన్న చర్చలో ఇది పనికొస్తుంది, ప్రత్యేకంగా ఏమైనా గమనించారా, అని. బుజ్జమ్మా, అప్పుడు కూడా నేను నిజం చెప్పలేదు. "ఎండ బాగా ఉంది" అని జవాబు రాశాను.

ఆయన సంతోషపడి శనివారం తనే వచ్చేశాడు, ఆ చోటు చూపించమని. డెబ్భై దాటిన మనిషి, కర్ర పొడుచుకుంటూ నా పక్కన నడిచాడు. నాలుగు భాగాలు నడిచాం. ఐదో భాగం మొదట్లో ఉన్న కర్ర గుంజ దగ్గర నా కాళ్లు ఇక కదల్లేదు. చెప్పేశాను. ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకుని, జేబులోంచి పెన్సిల్ తీసి అడిగాడు.

"అయితే ఆ వారం ఎంత వెయ్యమంటారు?"

"సున్నా వెయ్యండి" అన్నాను, తల దించుకుని.

"కాదమ్మా. మీరు వచ్చి, చూసి, ఏదీ లేకపోతే అది సున్నా. మీరు రాలేదు. అది ఖాళీ."

గీత కొట్టాడు. తర్వాత ఫ్లాస్కులోంచి మూతలో టీ పోసి ఇచ్చాడు. పాలు ఎక్కువ, చక్కెర లేదు. అంత చప్పటి టీ జన్మలో తాగలేదు, చుక్క మిగల్చకుండా తాగాను. ఆ మాట ఆయన మళ్లీ ఎప్పుడూ ఎత్తలేదు. మరుసటి ఏడు నేను ఆరు వారాలు ఖాళీ వదిలాను.

నువ్వు సోమర్‌సెట్‌లో చూడబోయే లార్జ్ బ్లూ 1979లో ఈ దేశంలో పూర్తిగా అంతరించిపోయింది. కుందేళ్లకి జబ్బొచ్చి చచ్చిపోయాయి, మేత తగ్గింది, కొండల మీద గడ్డి కొద్దిగా పెరిగింది. కొద్దిగానే. నేల ఆ మాత్రం చల్లబడేసరికి, దాని పిల్లని పుట్టలోకి మోసుకెళ్లి సాకే ఒక రకం ఎర్రచీమ లేకుండా పోయింది. ఈ గొలుసు కనిపెట్టినవాళ్లు వేసవుల తరబడి గడ్డి పొడవు కొలుస్తూ, చీమల్ని లెక్కపెడుతూ కూర్చున్నారు. అప్పటికి ఇక్కడ ఆలస్యమైపోయింది గానీ, 1983 నుంచి స్వీడన్ నుంచి తెచ్చి మళ్లీ నిలబెట్టగలిగారు. వాళ్లలో ఒక్కడు ఒక్క ఆదివారం రాత్రి నాలా బల్ల ముందు కూర్చుని ఉంటే ఎలా ఉండేదో అని నాకు ఇప్పటికీ అనిపిస్తుంది.

అందుకే ఆ "59/59" కొట్టెయ్యి. పర్పుల్ ఎంపరర్ కోసం జూలైలో సస్సెక్స్‌లోని నెప్ ఎస్టేట్‌కి వెళ్తావు, ఓక్ చెట్ల కొనల వైపు మెడ నొప్పి పుట్టేదాకా చూస్తావు, అది దిగి రాదు. అంత రాజసం ఉన్నది, దిగితే పేడ మీద వాలుతుంది, అది వేరే కథ. పక్కనున్న పెద్దమనిషి "అదిగో, చూశారా?" అంటాడు. నీకు కనబడింది నీడే. నీకు కనబడింది నీడేనని రాసుకో. ఫోర్ట్ విలియం వైపు మాత్రం ఒక్కదానివీ వెళ్లకు. అక్కడ కొండలు, వాన, సిగ్నల్ ఉండదు. ఇది సీతాకోకచిలుకల గురించి కాదు, నా గురించి. నాకు నిద్ర పట్టదు.

ఆగస్టు మొదటి ఆదివారం నా దగ్గరికి రా. లూటన్ స్టేషన్‌కి వస్తే కారు తెస్తాను. డన్‌స్టబుల్ డౌన్స్ వెళ్దాం. కింద మైదానంలోంచి గ్లైడర్లు లేస్తుంటాయి, పులిహోర తింటూ చూడొచ్చు. సాయంత్రం ఆరు దాటేదాకా మాత్రం ఇంటికి పోదామనకు. ఎండ వాలాక చాక్‌హిల్ బ్లూలు గడ్డి పరకల మీదికి చేరి, తల కిందికి పెట్టుకుని, రెక్కలు మూసుకుని నిద్రకి పడతాయి. రెక్కల అడుగున బూడిద రంగు మీద తెల్ల అంచుల నల్ల చుక్కలు. పరకకి ఒకటి, రెండు. ముఖం అంత దగ్గరికి పెట్టినా కదలవు. ఊపిరి మాత్రం పక్కకి వదలాలి.

భూతద్దం నేను తెస్తాను, మీ పెదనాన్నది. దారిలో ఒక బీడులో ఆవులుంటాయి. ఆ గేటు దగ్గర నువ్వు నా వెనక నడువు.

ప్రేమతో,
పెద్దమ్మ