లావా ఆగాక వచ్చే గ్రాంటులో మనకు చోటుందా

సెలవులకు హైదరాబాద్ వచ్చి దిల్‌సుఖ్‌నగర్‌లో మా చెల్లి ఇంట్లో ఉన్నా. వచ్చిన మూడో రోజే చెల్లి తోటికోడలి కొడుకు, కోడలు వచ్చి కూర్చున్నారు. బాబు డాక్టర్, జే వన్ వెయివర్ మీద, అంటే చదువయ్యాక స్వదేశం తిరిగి వెళ్లాలన్న షరతు నుంచి మినహాయింపు మీద, అమెరికాలో హవాయి దీవుల్లో హీలో ఊళ్లో ఉద్యోగం వచ్చింది, అమ్మాయి ఇక్కడ ఆడిట్ పని చేస్తది, ఇప్పుడు హెచ్ ఫోర్ మీద, అంటే భర్త వీసాను బట్టి వచ్చే వీసా మీద వెళ్తది. నేను అక్కడ పద్దెనిమిదేళ్ల నుంచి ఉంటున్నా కాబట్టి ఏవేవో అడగాలని వచ్చారు. కందిపప్పు ఎక్కడ దొరుకుతది, చలికోట్లు తెచ్చుకోవాలా అని అడుగుతారనుకున్నా, ఆ పిల్ల మాత్రం సూటిగా ఒకటే అడిగింది: "అత్తయ్యా, అక్కడ అగ్నిపర్వతం ఉందంట కదా, లావా వచ్చి ఇల్లు పోతే మనలాంటోళ్లకు కూడా గవర్నమెంటు డబ్బులిస్తదా, మొన్న వరదలప్పుడు ఇక్కడ పదివేలు ఇచ్చినట్టు?"

మంచి ప్రశ్న. 2020 అక్టోబర్‌లో సరూర్‌నగర్ చెరువు నిండి చుట్టుపక్కల కాలనీల్లోకి నీళ్లొచ్చినప్పుడు నేను ఇక్కడ లేను గానీ, కుటుంబానికి పదివేలు అన్నాక ఆధార్ పట్టుకుని మీసేవ ముందు జనం ఎట్లా నిలబడ్డారో చెల్లి ఫోన్లో చెప్తుంటే విన్నా. మనకు తెలిసిన సాయం అంటే అదే, మనిషి వెళ్లి పేరు చెప్తే చేతికి డబ్బు రావడం. అక్కడ అట్లా ఉండదు, వచ్చే డబ్బు చాలావరకు మనిషికి కాదు ఊరికి వస్తది, అది అర్థం కాక మనవాళ్లు మనకేం సంబంధం లేదులే అని పక్కకు జరిగిపోతారు. నాకు బాధ అక్కడే.

ముందు జరిగింది చెప్తా. 2018 మే 3న కిలావెయా అనే అగ్నిపర్వతం కింది వైపు, పూనా జిల్లాలో లెయిలానీ ఎస్టేట్స్ అనే కాలనీలో రోడ్డు మధ్యలోనే నేల పగిలి లావా వచ్చింది. మర్నాడు 6.9 భూకంపం. మొత్తం 24 పగుళ్లు తెరుచుకున్నాయి, అందులో ఎనిమిదోది నెలల తరబడి నదిలా పారింది. ఆగస్టులో తగ్గేసరికి 700కు పైగా ఇళ్లు పోయాయి, 35 చదరపు కిలోమీటర్ల నేల రాయి అయిపోయింది, కపోహోలో గ్రీన్ లేక్ అనే చెరువు లావా పడి ఆవిరైపోయింది. మేముండేది హీలో వైపు, మా ఇంటికి ఏమీ కాలేదు, కానీ రాత్రిళ్లు దక్షిణం వైపు ఆకాశం ఎర్రగా కనిపించేది, గాలి మా వైపు తిరిగితే గంధకం వాసనకు మా వారికి దగ్గు ఆగేది కాదు. 2024 డిసెంబర్ 23న మొదలై విడతలు విడతలుగా ఎగసిపడింది వేరే, అది పైన శిఖరం దగ్గర నేషనల్ పార్కు లోపల, దాన్ని చూసి హీలో ఉద్యోగం వద్దనుకోకండి.

ఇక డబ్బు సంగతి. ఫెడరల్ ప్రభుత్వంలో ఫీమా అని ఉంటది, డిజాస్టర్ అని ప్రకటించాక మనుషులకు నేరుగా ఇచ్చే సాయం వాళ్ల దగ్గర నుంచే వస్తది. ఆ నగదు సాయం సిటిజన్లకు, గ్రీన్ కార్డు వాళ్లకు, శరణార్థుల్లాంటి కొన్ని వర్గాలకు మాత్రమే, హెచ్ వన్ బీ, హెచ్ ఫోర్, ఎఫ్ వన్ మీద ఉన్నవాళ్లకు రాదు. అక్కడే పుట్టి సిటిజన్ అయిన పిల్లలుంటే పిల్లల పేరు మీద అప్లై చేయొచ్చని రూల్ ఉంది, రూల్స్ మారుతుంటాయి కాబట్టి ఆ రోజు నోటీసు చదవాలి. షెల్టర్, భోజనం, అత్యవసర వైద్యం లాంటివాటికి వీసా చూడరు, భయపడి కార్లో పడుకోవద్దు. ఒక్కటి మాత్రం చేతులు పట్టుకుని చెప్తున్నా, ఫామ్‌లో సిటిజన్ అన్న చోట పొరపాటున కూడా టిక్ పెట్టి సంతకం చేయొద్దు, ఎవరో హడావుడిగా మీ తరఫున నింపినా సరే ఆగి చదవండి, కొన్ని డాలర్ల కోసం జీవితాంతం గ్రీన్ కార్డు రాకుండా పోయే తప్పు అది. ఇల్లు కొనేముందు లావా జోన్ చూసుకోండి, అంటే ఆ నేలకు లావా ముప్పు ఎంతో చెప్పే అంకె, 1 నుంచి 9 దాకా ఉంటాయి, 1 అంటే అన్నిటికంటే ఎక్కువ ముప్పు, లెయిలానీ జోన్ 1, ఒకటి రెండు జోన్లలో ఇల్లు చవగ్గా వస్తది గానీ ఇన్సూరెన్సు దొరకడం కష్టం. అద్దెకుంటే మన సామాన్లకు వర్తించే రెంటర్స్ ఇన్సూరెన్సు తీసుకోండి.

పెద్ద డబ్బు హడ్ అనే ఫెడరల్ హౌసింగ్ శాఖ నుంచి కౌంటీకి, అంటే అక్కడి స్థానిక ప్రభుత్వానికి వస్తది. హవాయి కౌంటీకి కిలావెయా కోసం 10 కోట్ల 75 లక్షల డాలర్లు వచ్చాయి, అందులో చాలామటుకు ఇళ్లూ స్థలాలూ పోయినవాళ్ల దగ్గర ఆ నేలను కొనేయడానికే వెళ్లింది. కానీ ఆ కొనుగోలు మొదలయ్యేసరికి 2021 వచ్చింది. అంటే 2018లో ఇల్లు పోయిన మనిషి మూడేళ్లు ఆగాలి, ప్లాన్ రాయాలి, జనం అభిప్రాయం అడగాలి, ఆమోదం రావాలి. ఈ మూడేళ్లు వాళ్లకు అన్నం ఎవరు పెట్టారు? పక్కింటి వాళ్లు పెట్టారు. పూనాలోని పాహోవా ఊళ్లో మొదటివారంలోనే స్థానికులే పుఉహోనువా ఓ పూనా అని ఒక కేంద్రం పెట్టి టార్పాలిన్ల కింద బియ్యం, బట్టలు, మాస్కులు పంచారు. తర్వాత మెల్లగా ఫౌండేషన్ల చిన్న గ్రాంట్లు, ఇంకా ఆలస్యంగా కౌంటీవాళ్లే పూనా సంఘాల కోసం పెట్టిన కిలావెయా రికవరీ గ్రాంట్లు. మీరు వెళ్లి నిలబడాల్సిన చోటు ఇదే.

మేము ఓ పదిహేను మందిమి కలిసి ఒక చర్చి షెడ్డులో వారానికి రెండ్రోజులు ఫుడ్ ప్యాంట్రీ, అంటే తిండి సరుకులు ఉచితంగా పంచే చోటు, నడిపేవాళ్లం. ఫ్రీజర్, జనరేటర్ కావాలని ఒక ఫౌండేషన్‌కి అప్లై చేశాం. తిరిగొచ్చింది. మా అవసరంలో తప్పేం లేదు, షెడ్డు వాడుకోవచ్చని ఓనరు ఇచ్చిన ఉత్తరం జత చేయలేదంతే. మాకేమో సొంతంగా ఫైవ్ ఓ వన్ సీ త్రీ రిజిస్ట్రేషన్, అంటే పన్ను మినహాయింపు ఉండే స్వచ్ఛంద సంస్థ గుర్తింపు కూడా లేదు, అట్లాంటప్పుడు ఫిస్కల్ స్పాన్సర్ అని ఒక రిజిస్టర్డ్ సంస్థ వెనక నిలబడాలి, డబ్బు వాళ్ల ఖాతాలోకి వస్తది, కొంత శాతం పట్టుకుని మన ఖర్చులు వాళ్లు చెల్లిస్తారు. రెండోసారి ఉత్తరం, రెండు కొటేషన్లు, స్పాన్సర్ పేరు పెట్టి పంపితే వచ్చింది. వచ్చింది అంటే చెక్కు రాలేదు, రీయింబర్స్‌మెంట్, ముందు మనం కొని బిల్లు పంపితే తర్వాత ఇస్తారు. ఎవరి క్రెడిట్ కార్డు మీద కొంటాం అని ఒక సాయంత్రమంతా కూర్చున్నాం.

ఆ బిల్లుల సంగతి చెప్తే ఈ అమ్మాయి కళ్లు పెద్దవి చేసింది. పూనాలో వాన ఎక్కువ, తేమ ఎక్కువ, షాపుల్లో ఇచ్చే నున్నటి కాగితం బిల్లులు షూ డబ్బాలో వేసి ఉంచితే రెండు నెలలకు అంకెలు మాసిపోయి తెల్ల కాగితం మిగిలింది, వేలితో రుద్దితే బూడిద రంగు నీడ తప్ప ఏం లేదు. మూడువందల చిల్లర డాలర్లు అట్లా మాలో కొందరి జేబుల్లోంచే పోయాయి, ఇచ్చినవాళ్లంతా ఇల్లు పోయినవాళ్లే. ఆ రోజు నుంచి కొన్నచోటే ఫోన్లో ఫొటో, వెనకాల పెన్నుతో తారీఖు, ఏ పనికి, ఎవరు కొన్నారు అని రాయడం.

అందుకే ఆ పిల్లకు చెప్పా, అక్కడ బియ్యం మోసే చేతులు చాలా ఉంటాయి తల్లీ, లెక్క రాసేవాళ్లే ఉండరు. ఒకే నష్టానికి రెండు చోట్ల డబ్బు తీసుకోకూడదని ఫెడరల్ రూల్, ఫీమా ఇచ్చినదానికి మళ్లీ గ్రాంటులో బిల్లు పెడితే వెనక్కి కట్టాల్సొస్తది, అందుకని ఏ రూపాయి ఎటు పోయిందో ఒక మనిషి చూసుకోవాలి. వాలంటీర్లు పనిచేసిన గంటలను కూడా కొన్ని గ్రాంట్లలో మనం జత చేయాల్సిన వాటాగా లెక్క కడతారు, సైన్ ఇన్ షీట్‌లో సంతకం లేకపోతే ఆ గంట లేనట్టే. ఫెడరల్ గ్రాంటుకు కావాల్సిన యూఈఐ అనే సంస్థ గుర్తింపు నంబరు శామ్ డాట్ గవ్ అనే ప్రభుత్వ వెబ్‌సైట్‌లో ఫ్రీగా వస్తది, వందల డాలర్లు కడితే చేసిపెడతాం అని వచ్చే ఈమెయిళ్లకు డబ్బులు కట్టొద్దు.

హెచ్ ఫోర్ మీద ఉండి ఇదంతా చేయొచ్చా అని బాబు అడిగాడు. స్వచ్ఛంద సంస్థలో నిజమైన వాలంటీరుగా, ఏమీ తీసుకోకుండా చేయొచ్చు. కానీ గ్రాంటు బడ్జెట్‌లో బుక్ కీపర్‌కి జీతం అని లైన్ ఉండి ఆ పనే ఉచితంగా చేస్తానంటే చిక్కు, స్టైపెండు, గిఫ్ట్ కార్డు ఇచ్చినా వద్దనండి. అనుమానముంటే బాబు వాళ్ల ఆస్పత్రి ఇమిగ్రేషన్ లాయర్‌ని ముందే అడగండి.

ఇంకో మాట. అక్కడివాళ్లకు లావా అంటే పెలే అమ్మవారు, మనకు ఎల్లమ్మ, పోచమ్మ ఎట్లాగో అట్లా. ఇల్లు పోయినవాళ్లు కూడా ఆమె నేల ఆమె తీసుకుంది అంటారు. మీటింగులో అక్కడ ఇల్లెందుకు కట్టుకున్నారు అని అడగొద్దు, హీలో, పూనా వాళ్లంతా గుమ్మం బయట చెప్పులు విడిచి వస్తారు, మనమూ విడుస్తాం, ఒక ట్రేలో పులిహోర తీసుకెళ్లి కూర్చుని రెండు మీటింగులు వినండి. మూడో మీటింగుకి వాళ్లే పెన్ను చేతికిస్తారు. నాకు అట్లాగే ఇచ్చారు.

నిన్న రాత్రి ఆ అమ్మాయి ఫోన్ చేసింది, ఎక్సెల్‌లో ఏదో చేసి వాట్సాప్ చేసింది, "అత్తయ్యా, సైన్ ఇన్ షీట్‌లో గంటల పక్కన ఏం పని చేశారు అని ఇంకో కాలమ్ పెట్టాలా?" పెట్టమ్మా, ఆడిట్‌లో మొదట అడిగేది అదే.