ఉద్యోగంలో చేరిన మా అమ్మాయికి

బరంపురం

చిరంజీవి అమ్మాయికి పెదనాన్న ఆశీస్సులు.

భువనేశ్వర్‌లో ప్రోగ్రామర్‌గా చేరావని మీ నాన్న చెప్పాడు. చాలా సంతోషం. కొత్త భాషలు, కొత్త ఫ్రేమ్‌వర్కులు నేర్చుకోమని అందరూ చెబుతారు, అవి ఎలాగూ నేర్చుకుంటావు. రోజూ చేతిలో ఉండే ఎడిటర్ (కోడ్ రాసేది), డీబగ్గర్ (నడుస్తున్న కోడ్‌లో తప్పు వెతికేది), గిట్ (కోడ్‌లో మార్పుల చరిత్ర దాచేది) మాత్రం ఎవరూ కూర్చోబెట్టి నేర్పరు. పని జరిగిపోతోంది కదా అని చాలామంది నాలుగైదు కమాండ్లతోనే ఏళ్లు నెట్టుకొస్తారు. నువ్వు అలా ఉండకూడదు.

గిట్ సంగతే చూడు. 2005లో లినస్ టోర్వాల్డ్స్ లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌కు గుండెకాయ లాంటి కెర్నెల్ పని కోసం మొదలుపెట్టిన సాధనమది. అందులో 'బైసెక్ట్' అని ఒకటుంది. పోయిన నెల సరిగ్గా ఉన్న బిల్లు మొత్తం ఇవాళ తప్పు వస్తోందనుకో. మధ్యలో వెయ్యి కమిట్లు, అంటే గిట్‌లో నమోదు చేసిన మార్పులు, ఉన్నాయి. బాగున్న కమిట్ ఏదో, చెడిన కమిట్ ఏదో చెబితే అది నిన్ను సరిగ్గా నడిమికి తీసుకెళ్లి నిలబెడుతుంది. అక్కడ బిల్లు తీసి చూసి, బాగుందో లేదో చెప్పు. సగం కమిట్ల మీద అనుమానం తీరిపోతుంది. మిగిలిన సగంలో మళ్లీ నడిమికి. ఇలా పదిసార్లు చూసేసరికి తప్పు తెచ్చిన కమిట్ దొరికిపోతుంది. పరీక్షించే స్క్రిప్టు రాసిస్తే ఆ పదిసార్లూ అదే చూసుకుంటుంది. ఇది తెలియక రాత్రంతా కోడ్ తిరగేసే తెలివైన పిల్లలను చూస్తే నాకు బాధేస్తుంది.

అయితే ప్రతి కమిట్ చిన్నదై, దానంతటది నడిచేలా ఉంటేనే ఇది అక్కరకొస్తుంది. సాయంత్రం అంతా ఒకే మూట కట్టి 'మార్పులు' అని రాసి పడేస్తే ఏ సాధనమూ ఆదుకోదు. మన ఊరి పట్టు నేతగాళ్లను చూశావుగా, పోగు తెగితే తెగిన చోటే పట్టుకుని అతుకుతారు, మగ్గమంతా విప్పరు.

డీబగ్గర్‌లో బ్రేక్‌పాయింటుకు, అంటే నడుస్తున్న ప్రోగ్రామును ఆపే చోటుకు, షరతు పెట్టడం నేర్చుకో. వేల ఆర్డర్లలో ఒక్కదానికే లెక్క తప్పితే, ఆ ఆర్డరు నంబరు వచ్చినప్పుడే ఆగమనవచ్చు. ఎడిటర్ ఏదైనా ఫరవాలేదు, విమ్ గొప్పదా వీఎస్ కోడ్ గొప్పదా అనే తగవులోకి మాత్రం దిగకు.

కోడ్ రాసిపెట్టే ఏఐ సాధనాలూ వాడుకో. అవి రాసినా కమిట్ మీద ఉండేది నీ పేరే. ఏ వరుస ఎందుకుందో నువ్వు చెప్పగలిగాకే దాన్ని లోపలికి రానివ్వు.

దసరాకు వచ్చేటప్పుడు నీ సొంత ప్రాజెక్టు ఏదైనా ల్యాప్‌టాప్‌లో తెచ్చుకో. బైసెక్ట్ ఇద్దరం కలిసి నడిపి చూద్దాం.

ఇట్లు,
మీ పెదనాన్న