కొండచిలువ కథ పంపిన తమ్ముడికి

తమ్ముడూ,

నీ కథ రెండుసార్లు చదివాను. నల్లమల, మేకల కాపరి, ఏప్రిల్ ఎండ అన్నీ బాగా కుదిరాయి, కొండచిలువ వచ్చేసరికే పట్టు జారింది. విషం కక్కింది అని రాశావు, దానికి విషమే లేదు, చుట్టేసి బిగిస్తుంది అంతే. ఇంకోచోట పచ్చగా కొమ్మకి చుట్టుకుని ఉందన్నావు, ఆ పచ్చది న్యూగినీ వైపుది, మనదానికి చుట్టమే గానీ మనది ఉన్న పైథాన్ అనే ప్రజాతిలోదే (దగ్గరి జాతుల గుంపు) కాదు.

ఆ ప్రజాతిలో ఉన్నవే ఓ పది జాతులు, ఒక్కోదానికి ఒక్కో నేల. అంగోలా, నమీబియా ఎండు రాళ్ళ మధ్య ఒకటి, బోర్నియోలో పొట్టి తోకతో లావుగా ఒకటి, పశ్చిమ ఆఫ్రికాలో భయమేస్తే తల లోపల పెట్టుకుని బంతిలా చుట్టుకునేది ఇంకోటి, బెనిన్‌లో ఊయిడా అనే ఊళ్ళో దానికి గుడే ఉంది. బర్మాది పెంపుడు జంతువుల వ్యాపారంలో ఫ్లోరిడా చేరి అక్కడి చిత్తడి నేలల్లో పెరిగిపోయి, రకూన్లు అనే అక్కడి చిన్న జంతువులు కనపడటమే 99 శాతం తగ్గిపోయిందని 2012లో తేల్చారు. చూడు, పాము అదే, చోటు మారేసరికి కథే మారిపోయింది.

మరి నీది మన చిలువ. పాత తెలుగులో చిలువ అంటేనే పాము, ఆ మాట కథలో ఎక్కడైనా వాడుకో. గోధుమరంగు మచ్చలతో ఎండుటాకుల్లో కలిసిపోతుంది, ఏదుపంది తవ్విన బొరియల్లోనూ దూరి ఉంటుంది. నీ కథ ఏప్రిల్‌లో కదా, ఆడదైతే అప్పుడు గుడ్ల మీద ఉండొచ్చు, నాకు అన్నిటికన్నా ఇష్టమైన సంగతి ఇదే. ఒకదానికొకటి అతుక్కున్న గుడ్లని గట్టిగా చుట్టుకుని రెండు నెలల దాకా దాదాపు తిండి మానేసి కూర్చుంటుంది, చల్లబడితే ఎక్కిళ్ళొచ్చినట్టు ఒళ్ళంతా అదురుతుంది, ఆ అదురుతోనే గుడ్లకి వేడి పుట్టిస్తుంది. చల్లటి నెత్తురున్న ప్రాణి తల్లయ్యాక వేడి తయారుచేసుకుంటోంది తమ్ముడూ!

అందుకే అది మేకల కోసం వచ్చిపడక్కర్లేదు. కాపరే తప్పిపోయిన పిల్ల కోసం బొరియలోకి తొంగిచూడనీ, ఆ చుట్ట అదరడం చూడనీ. చివర్లో ఊరంతా కలిసి చంపేశారు కదా, 1972 వన్యప్రాణి రక్షణ చట్టంలో అది పులితోపాటు షెడ్యూల్ 1లో, అంటే అన్నిటికన్నా గట్టి రక్షణ ఉన్న జాబితాలో ఉంది, ఆ భయం ఒక్కడికైనా ఉండాలి, ఆ ఒక్కడు కాపరే అయితే ఇంకా బావుంటుంది.

బొరియ సీన్ మళ్ళీ రాసి ముందు అదొక్కటే పంపు, మిగతాది తర్వాత చూద్దాం.

నీ అన్న