డైపర్ రాషెస్‌కు త్రిఫల కషాయం మంచిదేనా?

ప్రశ్న: మాది తిరుపతి, కొర్లగుంట. పాపకు 8 నెలలు. మొన్న కాణిపాకం వెళ్లినప్పుడు రోజంతా డైపర్ మార్చడం కుదరలేదు. పిర్రలు ఎర్రగా కందిపోయాయి, నీళ్లు తగిలితే ఏడుస్తోంది. మా అత్తమ్మ పసుపు, ఆముదం రాయమంటున్నారు. ఆయుర్వేదంలో మందుందా?

జవాబు: పసుపు వద్దండి. పచ్చి చర్మం మీద మండుతుంది, పైగా ఆ రంగు కింద ఎరుపు తగ్గిందో లేదో కనబడదు. ఆముదం జిగటగా పట్టుకుంటుంది, కడగాలంటే రుద్దాల్సి వస్తుంది.

సుశ్రుతుడు దీన్ని ‘అహిపూతన’ అన్నాడు. మలమూత్రాలు సరిగా కడగకపోవడం, చెమట దీనికి కారణాలని చెప్పాడు. మూత్రం నుంచి పుట్టే అమోనియాతో మలంలోని ఎంజైములకు బలం వస్తుంది, అవి చర్మాన్ని దెబ్బతీస్తాయి. అందుకే మందు కన్నా ముందు డైపర్ సంగతి చూడాలి. 2, 3 గంటలకోసారి, మలవిసర్జన చేస్తే వెంటనే మార్చండి. రోజుకు మూడు నాలుగు సార్లు పావుగంట చొప్పున డైపర్ లేకుండా నూలుబట్ట మీద పడుకోబెట్టండి. మన ఎండల్లో రబ్బరు షీటు నేరుగా ఒంటికి తగలనివ్వొద్దు.

త్రిఫల చూర్ణం 10 గ్రాములు 400 మి.లీ. నీళ్లలో వేసి సగానికి మరిగించండి. పల్చటి బట్టను నాలుగు మడతలు వేసి వడకట్టండి. నలుసు మిగిలితే తొడల మడతల్లో గరుకుగా ఒరుసుకుంటుంది. గోరువెచ్చగా అయ్యాక రోజుకు రెండుసార్లు పోసి కడిగి, మెత్తటి బట్టతో అద్దండి. ఏ రోజు కషాయం ఆ రోజే. బట్టలకు మరక పడుతుంది, పాతవే వాడుకోండి.

పూర్తిగా ఆరాకే శతధౌత ఘృతం (వందసార్లు నీటిలో కడిగిన నెయ్యి) పల్చగా రాయండి. చెమ్మ మీద రాస్తే చెమ్మ లోపలే ఉండిపోతుంది. ఇంట్లో చేస్తే నీరు మిగిలి పాడవుతుంది, కొన్నదే మేలు. పుండ్లకు వాడే జాత్యాది తైలంలో మైలుతుత్తం (కాపర్ సల్ఫేట్) ఉంటుంది, సొంతంగా రాయకండి. పౌడర్ అసలే వద్దు, ఊపిరితిత్తుల్లోకి పోతుంది.

గజ్జల మడతల లోపల కూడా ఎరుపు ఉండి, చుట్టూ విడివిడిగా ఎర్ర చుక్కలు కనిపిస్తే అది ఫంగస్ కావచ్చు. కషాయంతో సరిపెట్టకుండా పిల్లల డాక్టరుకు చూపించండి. చీము, బొబ్బలు, జ్వరం ఉంటే ఆ రోజే వెళ్లాలి. ఇవేవీ లేకున్నా 3 రోజుల్లో తగ్గకపోతే చూపించండి. మెడికల్ షాపులో అడిగి తెచ్చే క్రీముల్లో చాలావాటిలో స్టెరాయిడ్ కలిసి ఉంటుంది. మొదట తగ్గినట్టు కనిపించినా చర్మం పల్చబడుతుంది, డైపర్ కింద దాని ప్రభావం ఇంకా ఎక్కువ.